సరళవృక్షాల నీడన కార్తిక వనభోజనం

హిమాలయం చూడాలనే కోరిక తెలుగువారికి కొత్త కాదు. అల్లసాని పెద్దన మనుచరిత్రలోని ప్రవరుణ్ణి తలచుకోండి. సిద్ధుడిచ్చిన పసరు కాళ్ళకు పూసుకొని ఇట్టే మంచుకొండ చేరుకొన్నాడు. అక్కడి వింతలన్నీ కన్నులారా చూచాడు. తీరా ఇంటికి మరలుదామనేసరికి ఆ పసరు కాస్తా మంచుకు కరిగిపోయింది. ఇంటివద్ద ముసలి తల్లిదండ్రులు, ఇల్లాలు, నిత్యాగ్నిహోత్రం. తానేమో దారీ తెన్నూ తెలియని కొండల నడుమ. ఆ తరువాతి కథ అందరూ ఎరిగినదే. పోవడం ఎట్లాగో చూచుకొని, రావడం ఎట్లాగో చూచుకోకపోతే ఎంత చిక్కు వచ్చిపడుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి కథ మనకు లేదు.

ఈ మాట ఇప్పుడెందుకంటే, మన నాందేడ్ తెలుగు కుటుంబాలలో పైన్ అడవుల ముచ్చట తరచుగా వినబడుతున్నది. పిల్లలు సెల్‌ఫోనులో కొండమీది కొయ్య ఇల్లు, దాని చుట్టూ ఆకాశాన్నంటే చెట్లు చూచి, “మనమెప్పుడు పోదాం?” అని అడుగుతున్నారు. అడగడంలో తప్పేమున్నది? గోదావరి ఒడ్డున, సముద్రమట్టానికి 1,200 అడుగుల ఎత్తైనా లేని మన ఊళ్ళో వేసవి వచ్చిందంటే ఎండ 42, 43 డిగ్రీలకు ఎక్కుతుంది. అటువంటప్పుడు ఎవరికైనా చల్లని అడవి మీదికే మనసు పోతుంది. ఎక్కడికి పోవాలి, ఏమేమి పట్టుకుపోవాలి అన్నవి అందరూ అడిగే ప్రశ్నలే. వాటికంటే ముందు తేల్చుకోవలసినది ఒకటున్నది. ఎప్పుడు పోవాలి? మనకు ఎండ భరించరానప్పుడా, అడవి మనలను భరించగలిగినప్పుడా? ఈ ఒక్కటి సరిగా తేల్చుకొంటే తక్కినవన్నీ వాటంతటవే దారికి వస్తాయి.

చెట్టు సంగతి

పైన్ చెట్టును మనలో చాలామంది దేవదారు అంటారు. రెండూ సూదుల వంటి ఆకులున్న చెట్లే గాని, ఒకటి కావు. సంస్కృతంలో ‘సరళ’ అని పేరున్నది హిమాలయపు దిగువ కొండలలో పెరిగే పైన్. అక్కడివారు దీన్ని ‘చీడ్’ అంటారు. సుమారు 3,000 అడుగులనుంచి 6,000 అడుగుల వరకు కొండలమీద దీనిదే రాజ్యం. అంతకు పైన, చలి ముదిరినచోట దేవదారూ, ‘కైల్’ అనే నీలి పైనూ కనబడతాయి. వీటిని గుర్తుపట్టడం చిన్నపిల్లలకు సైతం సులభమే. చీడ్ సూదులు మూడేసి కలిసి ఒక కట్టగా ఉంటాయి. కైల్ సూదులు ఐదేసి ఉంటాయి. దేవదారు సూదులు పొట్టివి, గుత్తులు గుత్తులుగా ఉంటాయి.

మన దక్షిణాదిలో పైన్ చెట్టు తనంతట తాను పుట్టి పెరగదు. కొడైకెనాల్‌లో అందరూ చూచివచ్చే పైన్ తోపు 1906లో బ్రయంట్ అనే అధికారి నాటించినది. విశాఖ మన్యంలో అక్కడక్కడ కనబడేవి కూడా మనుషులు నాటినవే. కాబట్టి పైన్ తోపు చూడాలంటే దక్షిణాది కొండలు చాలు. పైన్ అడవి చూడాలంటే మాత్రం ఉత్తరానికి పోవలసినదే.

రెండు దారులు

చిత్రమేమిటంటే ఈ రెండింటికీ మన నాందేడ్‌నుంచి తిన్నగా రైలున్నది.

మొదటిది తూర్పు దారి. నాగావళి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నిజామాబాదు, సికిందరాబాదు మీదుగా విశాఖపట్నం చేరుస్తుంది. అక్కడినుంచి కొత్తవలస-కిరండూల్ మార్గంలో అరకుకు పోవాలి. ఈ దారిలో 58 సొరంగాలున్నాయి. శిమిలిగుడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున, అంటే 3,200 అడుగులకు పైన ఉన్నది. కిరండూల్ బండి విశాఖలో ఉదయమే బయలుదేరుతుంది గనుక, ముందటి రాత్రి విశాఖలో బస చేయడమే మంచిది. అరకులోనూ, అనంతగిరిలోనూ పర్యాటక సంస్థవారి వసతిగృహాలున్నాయి. కాఫీ తోటలు, బొర్రా గుహలు, వాటితోపాటు నాటిన పైన్ తోపులు చూడవచ్చు. అన్నింటికంటే మించి అక్కడ మాట్లాడేది మన భాష. మందుల దుకాణంలో, హోటలులో, డ్రైవరుతో అవ్వ సైతం తనకు కావలసినది తానే అడిగి తెచ్చుకోగలదు. డెబ్బై దాటినవారు, చంటిపిల్లలు ఉన్న కుటుంబాలకు నేను ఈ దారే చెబుతాను.

రెండవది ఉత్తర దారి. గురు గోవింద్ సింగ్ 1708లో మన ఊళ్ళో పరమపదించడంవల్ల నాందేడ్ సిక్కులకు మహాక్షేత్రమైనది. ఆ యాత్రికుల పుణ్యమా అని మనకు అమృత్‌సర్ వరకు సచ్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్ దొరికింది. ఈ బండిలో పోయేవారికి దారిలోని స్టేషనులలో భక్తులు లంగరు భోజనం వడ్డించడం పేరుగన్న విషయం. సంచిలో ఒక పళ్ళెం, ఒక గ్లాసు పెట్టుకోవడం మరువకండి. మొదటిరోజు నాందేడ్‌లో ఎక్కినవారు రెండవరోజున అంబాలాలో దిగవచ్చు. ఆ రాత్రి అక్కడనో, చండీగఢ్‌లోనో విశ్రమించి, మరునాడు కాల్కా చేరుకొని కొండరైలు ఎక్కవచ్చు.

కాల్కానుంచి సిమ్లాకు పోయే ఈ చిన్న రైలు 1903లో మొదలైనది. దారి పొడవు 96 కిలోమీటర్లు. 2008లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చింది. కాల్కా ఎత్తు రెండువేల అడుగుల పైచిలుకు, సిమ్లా ఎత్తు ఏడువేలకు కాస్త తక్కువ. సగం దారిలో, ఐదువేల అడుగుల ఎత్తున బరోగ్ అనే స్టేషనున్నది. ఒక కిలోమీటరుకు మించిన పొడవున్న సొరంగం దాటీ దాటగానే అక్కడ బండి ఆగుతుంది. చుట్టూ చీడ్ అడవే. దానికి దగ్గరలోనే ఆరువేల అడుగుల ఎత్తున కసౌలీ ఉన్నది. మొదటిసారి పోయే కుటుంబానికి ఈ బరోగ్, కసౌలీ ప్రాంతం చాలు. సిమ్లా బజారు రద్దీ చూడాలని ఉన్నవారు ఒక పగలు పోయి రావచ్చు.

ఎత్తువల్ల వచ్చే జబ్బు సాధారణంగా 8,000 అడుగులు దాటితే గాని ఎవరినీ బాధించదు. ఐదారువేల అడుగులలో ఆ భయం అక్కరలేదు. అయినా అక్కడ చదునైన నేల తక్కువ. పాలు తేవాలన్నా మెట్లు ఎక్కి దిగవలసి ఉంటుంది. గుండెజబ్బు, ఉబ్బసం, మోకాళ్ళ నొప్పులు ఉన్నవారు బయలుదేరకముందే వైద్యుణ్ణి అడగాలి. అనుమానముంటే తూర్పు దారి ఎట్లాగూ ఉండనే ఉన్నది.

ఎప్పుడు పోవాలి?

ఇక అసలు విషయానికి వద్దాం. పిల్లలకు సెలవులు, మనకు ఎండలు వేసవిలోనే గనుక అందరూ మే నెలకే ముడుపు కడతారు. అయితే చీడ్ చెట్టు ఎండిన సూదులను రాల్చేది కూడా ఆ వేసవిలోనే. అడవి నేలంతా జానెడు మందాన గోధుమరంగు పరుపు పరచినట్లుంటుంది. చూడడానికి ఎంతో అందం. నిజానికి అది పరుపు కాదు, అంటించడానికి సిద్ధంగా పేర్చిన చితుకులు. ఈ చెట్టు జిగురునుంచే టర్పెంటైన్ తీస్తారు. దీనికి నిప్పంటుకోవడం ఎంత సులభమో ఇంతకంటే వేరే చెప్పనక్కరలేదు. ఏప్రిల్‌నుంచి వానలు పడేవరకు ఆ కొండలవారు ప్రతి ఏడూ కార్చిచ్చుతో వేగుతూనే ఉంటారు. ఇది ఈనాటి సంగతి కాదు. సరళవృక్షాల బోదెలు గాలికి ఒరుసుకొని చిచ్చు పుడితే దానిని చల్లార్చమని మేఘసందేశంలో కాళిదాసు తన యక్షుని చేత మేఘానికి చెప్పించాడు.

2024 జూన్ 13న ఉత్తరాఖండ్‌లోని బిన్సర్ అభయారణ్యంలో మంటలార్పడానికి పోయిన అటవీ సిబ్బందిలో నలుగురు అక్కడికక్కడే ప్రాణాలు విడిచారు. అడవిని పుట్టినప్పటినుంచీ ఎరిగినవారికే తప్పనిది, రెండురోజుల చుట్టాలమైన మనకు తప్పుతుందా? అంతకు ముందు 2018 మార్చి 11న తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండలలో విహారానికి పోయినవారిని మంటలు చుట్టుముట్టాయి. ఇరవైమందికి పైగా మరణించారు. అది పైన్ అడవి కాదు, ఎండుగడ్డి కొండ. గడ్డికే అంత వేగముంటే జిగురు నిండిన సూదుల మాట వేరే చెప్పాలా?

పోనీ వానాకాలమా? 2023లో జూలై, ఆగస్టు వానలకు హిమాచల్‌లో కొండలు విరిగిపడ్డాయి. కాల్కా-సిమ్లా మార్గంలో పట్టాల కింది నేలే కొట్టుకుపోయి, కొన్ని వారాలపాటు ఆ దారిన బండ్లు నడవలేదు. డిసెంబరు, జనవరులలో చలి గట్టిది. మనవంటి ఎండదేశంవారి పిల్లలకు అది మొదటి పాఠంగా తగదు.

అన్నీ చూచుకొంటే మిగిలేది కార్తికం. వానలు వెనుకకు పోయి ఉంటాయి. ఆకాశం కడిగిన అద్దంలా ఉంటుంది. అడవిలో ఇంకా కొంత తేమ నిలిచి ఉంటుంది. దుకాణదారులకు దీపావళి లక్ష్మీపూజ అయిపోతుంది. ఆడపడుచుల ఇంట భగినీహస్త భోజనం, ఇక్కడివారి భావుబీజ్, కూడా ముగుస్తుంది. పిల్లలకు దీపావళి సెలవులు ఇంకా కొన్ని మిగిలి ఉంటాయి. అన్నింటికీ మించి, అది మన వనభోజనాల నెల. ఉసిరిచెట్టు కింద ఆకు వేసుకొని బంధుమిత్రులతో కలిసి తినే ఆచారం మనదే కాదు. మన మరాఠీ పొరుగువారు కూడా కార్తికంలో ‘ఆవళీ భోజన్’ చేసుకొంటారు. అడవికి పోవడానికి మన పెద్దలు ఎండాకాలాన్ని కాక ఈ నెలను ఎంచుకోవడంలో ఎంత ఔచిత్యమున్నదో, చీడ్ అడవిలో నిలబడి చూస్తే తెలుస్తుంది.

కొయ్య ఇల్లా, డేరానా?

అడవి మధ్యన డేరా వేసుకొని పడుకోవాలన్నది కుర్రవాళ్ళ సరదా. దానిని కాదనకండి. కాని మొదటి ప్రయాణంలో పెద్దలకు, ఆడవారికి గట్టి కప్పున్న గది తప్పనిసరి. రాష్ట్ర పర్యాటక సంస్థ వసతిగృహాలు, అటవీశాఖవారి విశ్రాంతి గృహాలు, ప్రైవేటు కుటీరాలు మూడూ ఉన్నాయి. గది మాట్లాడేటప్పుడు ఈ ప్రశ్నలు తప్పక అడగండి: గది గుమ్మం దాకా బండి వస్తుందా? ఎన్ని మెట్లున్నాయి? వేడినీళ్ళు ఏ వేళలో దొరుకుతాయి? రాత్రి కరెంటు పోతే ఏర్పాటేమిటి? రజాయిలు మనిషికెన్ని? దగ్గరి ఆసుపత్రి ఎంత దూరం? కిటికీలోనుంచి ఏమి కనబడుతుందన్నది ఆఖరున అడిగినా నష్టం లేదు.

కుర్రవాళ్ళు డేరా వేస్తే అనుమతి ఉన్న స్థలంలోనే, నడిపేవారి కళ్ళెదుటే వేయాలి. వాగు గర్భంలో వేయరాదు. పైన ఎక్కడో వాన కురిసినా నీళ్ళు వచ్చిపడతాయి. ఎండిన కొమ్మల కింద వేయరాదు. చీడ్ కాయ కొయ్యముక్కలా గట్టిగా ఉంటుంది, నెత్తిన పడితే బొప్పి కడుతుంది. రాలిన సూదులమీద నడక నూనె రాసిన నేలమీది నడకే. వాలులో చెప్పులు పనికిరావు, అడుగున గట్టి పట్టున్న బూట్లు కావాలి. ఆ కొండలలో చిరుతపులులున్నాయి గనుక పొద్దుగూకిన తరువాత పిల్లలను ఒంటరిగా బయటికి పంపరాదు. కోతుల సంగతి చెప్పనక్కరలేదు. చేతిలో తినుబండారం కనబడితే చాలు.

బయలుదేరేముందు ఒక చిన్న పరీక్ష చేయండి. ఇంటి డాబా మీద ఒక రాత్రి డేరా వేసి, కుర్రవాళ్ళను అందులో పడుకోబెట్టండి. వేయడం వచ్చిందా, దుప్పటి చాలిందా, రాత్రి రెండు గంటలకు ఎవరు లేచి కిందికి వచ్చారు, అన్నీ తెల్లవారేసరికి తేలిపోతాయి.

చలి, వంట

వెయ్యి మీటర్ల ఎత్తు పెరిగితే చలి ఆరేడు డిగ్రీలు ముదురుతుందని లెక్క. కార్తికంలో కసౌలీ రాత్రి పది డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. ఒక్క లావు కోటుకంటే రెండు మూడు పలుచని పొరలు మేలు. ఎక్కేటప్పుడు చెమట పడితే ఒక పొర తీయవచ్చు, కూర్చున్నప్పుడు మళ్ళీ వేసుకోవచ్చు. చెవులకు టోపీ, కాళ్ళకు ఉన్ని మేజోళ్ళు, మనిషికి ఒక టార్చి.

వంటచేసే తల్లులు ఒక సంగతి గమనించాలి. ఎత్తు పెరిగినకొద్దీ నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి. ఆరువేల అడుగులలో 94 డిగ్రీలకే తెర్లుతాయి. గిన్నెలో కందిపప్పు ఎంతసేపటికీ మెత్తబడదు, అన్నం పలుకుగా మిగులుతుంది. ప్రెషర్ కుక్కరు ఉంటే ఈ బాధ లేదు. అది మోయలేమనుకొంటే అటుకులు, ఉప్మారవ్వ, పెసరపప్పు పట్టుకుపోండి. దారికి ఎండు జొన్నరొట్టెలు, నువ్వులపొడి, కారప్పొడి, చింతకాయ తొక్కు, సకినాలు. పులిహోర మొదటి పూటకే. గ్యాసు సిలిండరు, కిరసనాయిలు రైలులో తీసుకుపోవడం నేరం. పొయ్యి సంగతి అక్కడి వసతివారితోనే ముందుగా మాట్లాడుకోవాలి.

నిప్పుతో పరాచికాలు వద్దు

వనభోజనమంటే చెట్టుకిందే మూడు రాళ్ళు పెట్టి వండుకోవడం మన అలవాటు. చీడ్ అడవిలో ఆ అలవాటు మానుకోవాలి. వంట వసతిగృహపు వంటింట్లో, భోజనం చెట్టుకింద. రాత్రి చలిమంట వేసుకోవాలని అనిపిస్తే వసతివారు ఏర్పాటుచేసిన చోటనే, వారి అనుమతితోనే వేసుకోవాలి. పక్కన రెండు బకెట్ల నీళ్ళు ఉండాలి. పడుకోబోయేముందు బూడిదను నీళ్ళతో తడిపి, చేయి పెడితే చల్లగా తగిలేవరకు కదలరాదు. కార్తికంలో తేమ ఉన్నదని ధైర్యం వద్దు. నాలుగు రోజులు ఎండకాస్తే సూదులు మళ్ళీ చితుకులే. బీడీ, సిగరెట్టు ఇంటివద్దనే వదలండి. దీపావళికి మిగిలిన టపాకాయలు పిల్లల సంచులలో ఉన్నాయేమో, బయలుదేరేముందు తల్లులు వెతికి తీసివేయాలి.

కొన్ని చెట్ల బోదెలకు గాట్లు పెట్టి, కింద గిన్నెలు కట్టి ఉంటారు. అవి జిగురు తీసేవారివి. వాటిని తాకరాదు. దూరాన పొగ కనబడితే వింత చూడడానికి పోరాదు. మంట కొండ ఎగువకు మహావేగంగా పాకుతుంది. కనుక పైకి పరుగెత్తరాదు. మంటకు పక్కగా తప్పుకొని రోడ్డుకో, నీటివాగుకో, చెట్టూ చేమా లేని నేలకో చేరి 112కు ఫోను చేయాలి.

ఇంకొక నిప్పు గదిలోనే ఉంటుంది. చలి ఎక్కువైనదని బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకొని తలుపులు బిగించుకొని పడుకొనేవారున్నారు. ఆ బొగ్గులనుంచి రంగూ వాసనా లేని విషవాయువు పుడుతుంది. నిద్రలోనే ప్రాణం పోతుంది. ఉత్తరాదిన ప్రతి చలికాలంలోనూ ఇట్లా పోయేవారి వార్తలు పత్రికలలో చూస్తూనే ఉన్నాము. రజాయి ఇంకొకటి అడగండి. కుంపటి మాత్రం వద్దు.

పని పంపకం

రైలు టికెట్లు ప్రయాణానికి 60 రోజుల ముందునుంచే ఇస్తారు. 2024 నవంబరు నుంచి ఇదే పద్ధతి. అంటే వినాయక చవితి వెళ్ళేలోగా పేర్లు ఖాయం కావాలి. నాలుగైదు కుటుంబాలు కలిస్తే ఖర్చూ తగ్గుతుంది, తోడూ ఉంటుంది. ఒకరికి టికెట్లు, ఒకరికి వసతి, ఒకరికి మందులపెట్టె, ఒకరికి వంట సామాను, ఒకరికి జమాఖర్చుల పుస్తకం. హిందీ బాగా వచ్చినవారికి డ్రైవర్లతో బేరం. రానూ పోనూ టికెట్లు ఒకేసారి తీసి, తిరుగు ప్రయాణానికి ఒకరోజు అదనంగా చేతిలో ఉంచుకోండి. కొండదారిలో ఒక రాయి దొర్లినా ఆ ఒక్కరోజే ఆదుకొంటుంది.

మన పిల్లలు బడిలో మరాఠీ చదువుతారు, బజారులో హిందీ మాట్లాడతారు, తెలుగు ఇంట్లో అవ్వ, తాత నోటనే వింటారు. మూడు రోజులు టీవీ లేకుండా, చెట్లకింద చాపలు పరచుకొని అందరూ ఒకచోట కూర్చుంటే ఆ వినడానికి కొంచెం సావకాశం దొరుకుతుంది. సూదులు మూడా, ఐదా అని లెక్కపెట్టమని పిల్లలకు చెప్పండి. భోజనాలయ్యాక ఆకులు, కాగితాలు, సీసాలు ఏరి సంచికెత్తి వెనుకకు తెచ్చే పని కూడా వారికే అప్పగించండి. వచ్చే కార్తికంలో ఆ చెట్టుకిందికి వేరొక కుటుంబం వస్తుంది. వారికి ఆ చోటు మనకు దొరికినట్లే దొరకాలి.